ఒంటి గది ఇంట్లో బొచ్చుకుక్క

కుక్కను పెంచుకునే విషయంలో మన తెలుగు ఇళ్ళలో ఎప్పుడూ రెండు పార్టీలు ఉంటాయి. పిల్లలూ, వాళ్ళ నాన్నా ఒక పార్టీ. ఇల్లాలూ, అత్తగారూ రెండో పార్టీ. చాలాసార్లు మొదటి పార్టీయే గెలుస్తుంది. అరచేతిలో ఇమిడే పిల్లను తెచ్చి ఒడిలో పెట్టేసరికి అత్తగారు కూడా ‘సరేలే’ అంటారు. ఆ పిల్ల ఆరు నెలలు దాటి, పాలబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే రోజుల్లో అసలు తగవు మొదలవుతుంది. మంచం మీద బొచ్చు, ఆరేసిన బట్టల మీద బొచ్చు, దేవుడి మందసం కింద బొచ్చు. ఒకనాడు పప్పుచారులో ఒక వెంట్రుక కనిపిస్తుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినరు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. కుక్క మొరిగినా సర్దుకుంటారు, చెప్పులు కొరికినా సర్దుకుంటారు గానీ బొచ్చు దగ్గర మాత్రం ఓపిక నశిస్తుంది. ‘ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్న మాట అక్కడే పుడుతుంది. తీసుకునేవారు దొరక్కపోతే దాన్ని ఏ స్టేషను దగ్గరో వదిలి వచ్చేవారూ ఉన్నారు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో బతకటం చేతకాదు. అందుకే ఈ వ్యాసం. కుక్కకు బొచ్చు ఊడకుండా చేసే మందు లోకంలో లేదు. కానీ ఆ బొచ్చు ఎక్కడ ఊడాలి, ఎప్పుడు ఊడాలి అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. ఒక్క గదిలో కాపురం చేసేవారు కూడా ఆ పని చేసుకోవచ్చు.

అరుగు లేని ఊరు

మన పల్లెల్లో కుక్క లేని వీధి ఉండేది కాదు. అయినా కుక్క బొచ్చు ఒక సమస్య అని ఎవరూ అనుకున్నట్టు కనపడదు. కారణం సులభం. కుక్క చోటు అరుగు మీద, వసారాలో, పశువుల పాకలో. ఊడిన బొచ్చు వాకిట్లో పడేది. పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లితే అదీ పోయేది. ఇంటి గడప లోపలికి కుక్క రావటం అరుదు.

బొంబాయికి వచ్చిన మనవాళ్ళకు ఆ అరుగూ వాకిలీ దొరకలేదు. 18వ శతాబ్దం చివర ఇక్కడికి కట్టడపు పనులకు వచ్చిన మన కామాఠీల పేరు మీదే కామాఠీపురా ఏర్పడింది. ఆ తరువాత మిల్లులకు వచ్చిన పద్మశాలీలు, రేవుల్లోనూ కట్టడాల్లోనూ పనిచేసినవారు, దాదర్, నాయిగావ్, వర్లీ, పరేల్ చాల్స్‌లో స్థిరపడ్డారు. 1920 దశకంలో కట్టిన బి.డి.డి. చాల్స్‌లో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. అందులోనే వంట, అందులోనే పడక, ఒక మూల మోరీ, మరొక మూల దేవుడు. ఇక కుక్కకు మిగిలేది మంచం కింద చోటు. అక్కడ ఊడిన బొచ్చు వంట గట్టుకు రావటానికి నాలుగడుగుల దూరం చాలు, ఫ్యాను గాలి చాలు.

ఇప్పుడు రోజులు మారుతున్నాయి. బి.డి.డి. చాల్స్ స్థానంలో టవర్లు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళంచెవులు అందాయి. చోటు పెరిగింది కదా అని కుక్కను తెచ్చుకోవాలని చాలామందికి ఉంటుంది. కానీ చాల్‌లో ఉన్న పొడవాటి గ్యాలరీ, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు టవర్‌లో ఉండవు. మూసిన కిటికీలు, ఏ.సీ., సోఫా, పరదాలు వస్తాయి. బొచ్చు పట్టుకుని కూర్చునేవి సరిగ్గా ఇవే. కాబట్టి ఖోలీలో ఉన్నవారికీ, ఫ్లాటుకు మారినవారికీ ఈ విద్య అవసరమే.

బొచ్చు ఎందుకు ఊడుతుంది?

మన తలవెంట్రుక కొన్నేళ్ళపాటు పెరుగుతూనే ఉంటుంది. చాలా జాతుల కుక్కల వెంట్రుక అలా కాదు. కొంత పొడవు పెరిగి ఆగిపోతుంది, కొన్నాళ్ళు అలాగే ఉండి, కింది నుంచి కొత్త వెంట్రుక వచ్చాక రాలిపోతుంది. చెట్టు ఆకు రాల్చినట్టే. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా బొచ్చు ఊడుతుంది. ఊడటమే రోగం కాదు.

చాలా కుక్కలకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన కాస్త బిరుసుగా ఉండేది వాననూ, ఎండనూ, దుమ్మునూ ఆపుతుంది. లోపల దూదిలా మెత్తగా ఉండేది చలిని ఆపుతుంది. ఇంట్లో ఉండలు చుట్టుకుని మంచం కింద దొర్లేది ఎక్కువగా ఈ లోపలి బొచ్చే.

ఈ రాలటానికి గడియారం పగటి వెలుగు. పగలు పొడుగయ్యే కాలంలో చలిబొచ్చు వదులుతుంది, పగలు కురచయ్యే కాలంలో వేసవిబొచ్చు వదిలి మళ్ళీ ఒత్తుగా వస్తుంది. లండన్ లాంటి ఊళ్ళో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది గంటల లోపే. అక్కడి కుక్కలకు ఏడాదికి రెండు విడతలుగా కుప్పలు కుప్పలుగా ఊడుతుంది. మన ముంబయిలో అతి పొడుగు పగలు పదమూడు గంటల పైచిలుకు, అతి కురచ పగలు పదకొండు గంటలు. తేడా తక్కువ. దానికి తోడు రాత్రి పదకొండు దాకా ఇంట్లో ట్యూబులైటు. అంచేత ఇక్కడ ఇంట్లో పెరిగే కుక్కకు ఏడాది పొడుగునా కొద్ది కొద్దిగా ఊడుతూనే ఉంటుంది. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లోనూ, వానలు వెనక్కి తగ్గే రోజుల్లోనూ కాస్త ఎక్కువ. ‘ఈ నెల గడిస్తే ఆగుతుంది’ అని ఎదురుచూసి లాభం లేదు. దీన్ని రోజువారీ పనిగా పెట్టుకోవలసిందే.

ఏ కుక్కకు ఎంత?

పొట్టి బొచ్చు కుక్కకు ఊడదు అన్నది పెద్ద అపోహ. లాబ్రడార్‌కూ, పగ్‌కూ బొచ్చు పొట్టిదే గానీ ఊడటంలో అవి ఎవరికీ తీసిపోవు. పైపెచ్చు ఆ పొట్టి వెంట్రుకలు సూదుల్లా గుడ్డ నేతలోకి దిగుతాయి. పొడుగు వెంట్రుకను చేత్తో ఏరవచ్చు, వీటిని ఏరటం కష్టం. మన చాల్స్‌లో ఎక్కువగా కనిపించే తెల్ల ‘పామేరియన్’ (చాలావరకు అవి ఇండియన్ స్పిట్జ్ జాతివి), జర్మన్ షెపర్డ్ రెండు పొరల బొచ్చువి. వీటికి ఊడటం బాగా ఎక్కువ.

పూడుల్, షిట్జూ లాంటివాటికి వెంట్రుక మన జుట్టులా పెరుగుతూ పోతుంది, నేలమీద పడేది తక్కువ. అయితే ఆ మిగిలిన కష్టం మరో రూపంలో వస్తుంది. రోజూ దువ్వకపోతే జడలు కడుతుంది, నెలా రెండు నెలలకోసారి కత్తిరింపు ఖర్చు తప్పదు.

ఇక మన ఊరకుక్క. దీనికి సాధారణంగా పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉండే బొచ్చు. ఈ వేడికీ ఉక్కకూ తరతరాలుగా అలవాటుపడిన ఒళ్ళు. ఊడుతుంది గానీ, వారానికి రెండుసార్లు దువ్వితే అదుపులో ఉంటుంది. ముంబయిలో చిన్న ఇంటికి ఏ కుక్క అని అడిగితే, వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోవటమే అన్నివిధాలా తేలిక అని చెప్పాలి. మంచుదేశాల హస్కీని తెచ్చి ఉక్కపోత ఖోలీలో ఉంచటం దానికీ కష్టం, మీకూ కష్టం.

నేలమీద పడకముందే పట్టుకోండి

ఊడబోయే వెంట్రుక ఒంటిమీద ఉండగానే తీసేస్తే అది ఇంట్లో పడదు. ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. రోజుకు పది నిమిషాలు దువ్వితే అరగంట ఊడ్పు తప్పుతుంది.

దువ్వెన జాతిని బట్టి ఉండాలి. పొట్టి బొచ్చుకు రబ్బరు పళ్ళ బ్రష్షు గానీ, రబ్బరు చేతితొడుగు గానీ చాలు. నిమిరినట్టే ఉంటుంది కాబట్టి కుక్క ఇష్టంగా కూర్చుంటుంది. రెండు పొరల బొచ్చుకు సన్నని తీగలున్న బ్రష్షు, లోపలి బొచ్చు లాగే వెడల్పు పళ్ళ దువ్వెన కావాలి. బ్లేడులాంటి అంచున్న పరికరాలూ వస్తున్నాయి. వాటితో గట్టిగా, ఎక్కువసేపు లాగితే మంచి బొచ్చు తెగుతుంది, చర్మం కందుతుంది. వారానికి ఒకసారి, తేలిక చేత్తో, అంతే.

దువ్వేటప్పుడు ముందు బొచ్చు పెరిగిన దిక్కుగా దువ్వండి. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక, తోక మొదట్లో చిక్కులు పడతాయి, అక్కడ చేత్తో విడదీసి ఆ తరువాత దువ్వెన పెట్టండి. లాగి పీకితే మరునాడు దువ్వెన చూడగానే మంచం కిందికి పారిపోతుంది. మొదటి వారం రెండు నిమిషాలతో మొదలుపెట్టి, అయిపోగానే చిన్న బిస్కెట్టు ముక్క పెడితే అలవాటుపడుతుంది.

ఎక్కడ దువ్వాలి అన్నది దువ్వటమంత ముఖ్యం. చాల్ గ్యాలరీలో కూర్చుని దువ్వితే బొచ్చు పక్కింటి గుమ్మంలోకీ, వాళ్ళు ఆరేసిన బట్టల మీదికీ పోతుంది. ఆ తగవు తరువాత ఎంత కడిగినా పోదు. మోరీ పక్కన పాత పేపరు గానీ, పాత దుప్పటి గానీ పరిచి, ఫ్యాను ఆపి దువ్వండి. మరీ ఎగిరే బొచ్చయితే చేతులు తడి చేసుకుని ఒకసారి ఒళ్ళు నిమిరి మొదలుపెట్టండి. అయ్యాక పేపరును ఉండచుట్టి చెత్తబుట్టలో వేయండి. పిచ్చుకలు గూటికి వాడుకుంటాయని కొందరు బొచ్చును కిటికీలో పెడతారు. ఉద్దేశం మంచిదే గానీ పని మంచిది కాదు. కుక్క ఒంటికి వేసిన పిడుదుల మందు ఆ బొచ్చులో ఉంటుంది. పక్షి గూళ్ళలో ఈ మందులు చేరుతున్నాయని బ్రిటన్‌లో 2025లో వెలువడిన పరిశోధన చూపింది.

ఎండాకాలం వచ్చింది కదా అని రెండు పొరల బొచ్చు కుక్కకు నున్నగా గుండు చేయించకండి. పైబొచ్చు ఎండను ఆపే గొడుగు. అది పోతే చర్మం ఎండకు కాలుతుంది. కొన్నిసార్లు బొచ్చు మళ్ళీ సరిగా రాదు. వచ్చేది కూడా ఊడేదే.

స్నానం: కుంకుడుకాయలు వద్దు

శుభ్రం మీద ప్రీతితో కుక్కకు ప్రతి ఆదివారం తలంటు పోసే ఇళ్ళున్నాయి. మన చర్మానికీ కుక్క చర్మానికీ తేడా ఉంది. మన చర్మం కాస్త ఆమ్లగుణం కలది, కుక్క చర్మం అంత కాదు. మన సబ్బులూ, షాంపూలూ దానికి పడవు. చర్మం ఎండి, చుండ్రు రేగి, బొచ్చు మరింత ఊడుతుంది. కుంకుడు పులుసు కంట్లో పడితే మనకే ఓర్చుకోలేని మంట, ఒళ్ళు నాక్కునే కుక్కకు అది అసలు వద్దు. కుక్కల షాంపూ దొరుకుతుంది, అదే వాడాలి. మామూలు కుక్కకు నెలకోసారి స్నానం చాలు. బురదలో దొర్లినప్పుడు మాటవేరు.

స్నానానికి ముందే ఒకసారి దువ్వాలి. చిక్కు తడిస్తే మరింత బిగుసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి, షాంపూ వేళ్ళతో లోపలిదాకా పట్టించి, నురగ చుక్క మిగలకుండా కడగాలి. మోరీ రంధ్రం మీద స్టీలు జాలీ పెట్టడం మరిచిపోకండి. ఒక్క స్నానంలో ఊడే బొచ్చు మోరీ పైపును మూసెయ్యటానికి చాలు. ఆ పైపు కింది మాలావాళ్ళ ఇంటి మీదుగా వెళుతుంది.

తుడవటంలో అశ్రద్ధ చెయ్యకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముంబయిలో ఏదీ ఆరదు, కుక్క అంతకన్నా ఆరదు. లోపలి బొచ్చు తడిగా ఉండిపోతే వాసన, పుండ్లు, తామర వస్తాయి. వానలో బయటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ పాదాలూ, పొట్టా పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద కాసేపు ఉంచండి. వానాకాలంలో పూర్తి స్నానం తగ్గించి, తడిగుడ్డ తుడుపు పెంచటం మంచిది.

పెరుగన్నంతో బొచ్చు నిలవదు

వెంట్రుక అంటే దాదాపు పూర్తిగా మాంసకృత్తులే. ఇంట్లో మిగిలిన అన్నంలో పెరుగో, చారో కలిపి పెడితే కుక్క కడుపు నిండుతుంది గానీ బొచ్చుకు బలం అందదు. బొచ్చు కాంతి లేకుండా, పొడిగా, ముట్టుకుంటే రాలుతూ ఉంటే ముందు గిన్నెలో ఏం పెడుతున్నారో చూసుకోండి. మాంసాహారులైతే ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టవచ్చు. ఉప్పు, కారం, మసాలా లేకుండా పెట్టాలి. దాదర్ మార్కెట్లో దొరికే ఎండు బొంబిలిలో ఉప్పు చాలా ఎక్కువ, అది వద్దు. శాకాహారం ఇళ్ళవారు పప్పూ పనీరూ మాత్రమే పెట్టి ఊరుకోకుండా, అన్ని పోషకాలూ సరిచూసి తయారుచేసిన కుక్కల మేత కలిపి పెట్టటం క్షేమం.

మన వంటలో రెండు వస్తువులు కుక్కకు విషంతో సమానం. అవి ఉల్లి, వెల్లుల్లి. నెత్తురులోని ఎర్రకణాలను చెడగొడతాయి. సాంబారు, కూర కలిపిన అన్నం పెట్టకూడదనటం అందుకే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. ప్రసాదం పాయసంలోని కిస్‌మిస్‌లు పిల్లలు ప్రేమతో పెట్టేస్తుంటారు, వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

చేపనూనె గుళికలు చర్మానికి మేలు చేస్తాయి. మోతాదు పశువైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టండి. తిండి మార్చిన ఫలితం వారంలో కనిపించదు. కొత్త బొచ్చు రావాలి కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. ఒంటికి కొబ్బరినూనె రాయటం వల్ల బొచ్చు ఊడటం ఆగదు. దుమ్ము అంటుకుంటుంది, కుక్క దాన్ని నాకుతుంది, మీ దుప్పటికి జిడ్డవుతుంది.

ఇంటి లోపల

పొడి చీపురుతో గబగబా ఊడిస్తే సగం బొచ్చు గాలిలోకి లేచి, అరగంట తరువాత స్టవ్వు మీద దిగుతుంది. ఊడ్చే ముందు ఫ్యాను ఆపండి. ముందు తడి చేసి గట్టిగా పిండిన గుడ్డతో మూలల నుంచి మధ్యకు లాగండి. బొచ్చు ఉండకట్టి వస్తుంది. ఆ తరువాత మామూలుగా తుడవండి. ఫినాయిలు వేసి తుడిస్తే నేల పూర్తిగా ఆరేదాకా కుక్కను రానివ్వకండి. పాదాలకు అంటింది నోట్లోకి పోతుంది.

సోఫా, పరుపుల మీద బొచ్చుకు గిన్నెలు కడిగే రబ్బరు తొడుగు మంచి మందు. కాస్త తడి చేసి ఒకే దిక్కుగా రాస్తే వెంట్రుకలు చుట్టుకుని వస్తాయి. కుక్క పడుకునే చోట ఒక పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి పరచండి. దాని బొచ్చులో ఎక్కువ భాగం ఆ చీర మీదే పడుతుంది. వారానికోసారి గ్యాలరీలో కాక, మోరీలో దులిపి ఉతకండి. వాషింగ్ మెషిన్‌లో వేసేవారు ముందు దులపాలి, తరువాత మెషిన్ జాలీ తీసి కడగాలి. ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి వేయకండి. ఏ.సీ. ఉన్నవారు దాని జాలీని రెండు వారాలకోసారి కడుక్కోవాలి.

వంట దగ్గర ఒక గీత ఉండాలి. ఒక్క గది అయినా సరే, వంట గట్టు ముందు చిన్న పీట అడ్డం పెట్టి, అది దాటకూడదని మొదటి రోజు నుంచీ నేర్పితే కుక్క నేర్చుకుంటుంది. ఇంట్లో నలుగురూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ వద్దన్నప్పుడు నాన్న రమ్మంటే ఏ కుక్కా నేర్చుకోదు. గిన్నెల మీద మూత, కలిపిన పిండి మీద తడిగుడ్డ అలవాటు చేసుకోండి.

మడి, పూజ పాటించే పెద్దలున్న ఇంట్లో వాళ్ళ బాధను కొట్టిపారెయ్యకండి. మడిబట్టలను దండెం మీద కాకుండా మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడితే వాటి మీద బొచ్చు చేరదు. దేవుణ్ణి నేల మీద కాక, ఛాతీ ఎత్తున తలుపులున్న మందసంలో ఉంచితే చాలు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కేనని చెప్పి అత్తగారిని ఒప్పించాలని చూసేకంటే, ఆవిడ డబ్బాకు మంచి మూత కొనిపెట్టటం మేలు.

ఆయాసం ఉన్నవారు ఉంటే

ఇది అన్నింటికన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. కుక్క వల్ల తుమ్ములు, కళ్ళదురద, ఆయాసం వచ్చేది నిజానికి బొచ్చు వల్ల కాదు. కుక్క లాలాజలంలోనూ, చర్మపు పొట్టులోనూ ఉండే కొన్ని మాంసకృత్తుల వల్ల. బొచ్చు వాటిని ఇల్లంతా మోసుకుపోయే వాహనం మాత్రమే. అంచేత ‘బొచ్చు ఊడని జాతి అయితే ఎలర్జీ రాదు’ అన్న మాట నమ్మి డబ్బు పొయ్యకండి. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా పెద్ద కూతురు మాలియాకు ఎలర్జీ ఉందని వెతికి వెతికి పోర్చుగీస్ వాటర్ డాగ్‌ను తెచ్చుకున్నారు. దానితో ఆ జాతులకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. కానీ 2011లో అమెరికాలోనే వెలువడిన ఒక పరిశీలనలో, అలాంటి జాతులున్న ఇళ్ళలోనూ మామూలు కుక్కలున్న ఇళ్ళలోనూ గాలిలో ఎలర్జీ పదార్థం ఇంచుమించు ఒకేలా కనపడింది.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే కుక్కను తెచ్చుకునే ముందే, కుక్కలున్న స్నేహితుల ఇంట్లో నాలుగైదుసార్లు గడిపి చూడండి. వైద్యుణ్ణి అడగండి. తెచ్చుకున్నాక తెలిస్తే కుక్కను పడకమీదికి రానివ్వకపోవటం, దువ్వే పని ఎలర్జీ లేనివారు చెయ్యటం, కిటికీలు తెరిచి ఉంచటం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకటం కొంత మేలు చేస్తాయి. అయినా ఆయాసం తగ్గకపోతే మనిషి ఊపిరే ముందు. అప్పుడు కూడా తొందరపడి వీధిలో వదలకుండా, నమ్మకమైన ఇల్లు వెతికి ఇవ్వాలి.

కబూతర్‌ఖానా పక్కన బతికిన దాదర్‌వాసులకు ఒక మాట. పావురాల రెట్ట, ఈకల ధూళి వల్ల కొందరికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వేరు, కుక్క ఎలర్జీ వేరు. రెండూ ఒకటే అనుకుని తప్పు కుక్క మీద వేసే ముందు మీ కిటికీ చువ్వల మీద ఏం వాలుతోందో చూడండి.

ఇది మామూలు ఊడటం కాదు

ఒంటినిండా సమానంగా ఊడుతూ, కింద చర్మం శుభ్రంగా కనపడుతుంటే భయం లేదు. ఈ కింది గుర్తులు కనిపిస్తే మాత్రం పశువైద్యుడికి చూపించాలి.

గుండ్రంగా బట్టతలలా మచ్చలు పడటం. తామర కావచ్చు, ఇది పిల్లలకు అంటుకుంటుంది.

రాత్రింబవళ్ళు గోక్కోవటం, చెవి అంచులూ మోచేతులూ బిరుసెక్కటం. గజ్జి కావచ్చు, ఇందులో ఒక రకం మనకూ దురద పుట్టిస్తుంది.

దురద లేకుండానే రెండు పక్కలా ఒకేలా బొచ్చు పలచబడటం, కుక్క మందకొడిగా, లావుగా అవటం. గ్రంథుల లోపం కావచ్చు.

బొచ్చు పాయదీసి చూస్తే పిడుదులు కనపడటం. వీటితో జ్వరాలు వస్తాయి, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కుక్క ఈనిన తరువాత, పెద్ద జబ్బు తరువాత, దీపావళి బాణసంచాకు బెదిరినప్పుడు, ఇల్లు మారినప్పుడు కూడా బొచ్చు ఎక్కువ ఊడుతుంది. ఇది కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. పిడుదులకు కిరసనాయిలు రాయటం, పొగాకు నీళ్ళు పొయ్యటం లాంటి పాత వైద్యాలు ప్రమాదం. మనుషుల ఆయింట్‌మెంట్లూ వద్దు.

మనకు ఈ విషయంలో దూరాభారం లేదు. జంతువులపై క్రూరత్వ నివారణ సంఘం బొంబాయిలో 1874లోనే ఏర్పడింది. దాని బాయి సాకర్‌బాయి దిన్‌షా పెటిట్ జంతు ఆసుపత్రి, 1886లో మొదలైన పశువైద్య కళాశాల, రెండూ దాదర్ పక్కన పరేల్‌లోనే.

పక్కింటివారూ, సొసైటీవారూ

టవర్లలోకి వెళ్ళినవారికి సొసైటీ నుంచి ‘కుక్కలు కూడదు’ అన్న మాట వినిపిస్తుంటుంది. జంతు సంక్షేమ మండలి 2015లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను సొసైటీలు నిషేధించటానికి వీల్లేదు. లిఫ్టులో తీసుకువెళ్ళవద్దనటమూ కుదరదు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద పెంచిన కుక్కను దిక్కులేకుండా వదిలెయ్యటం నేరం.

హక్కు ఉంది కదా అని ఊరుకుంటే పొరుగు సంబంధం నిలవదు. మీ కుక్క బొచ్చు లిఫ్టులో, మెట్ల మీద కనపడకుండా చూసుకోవటం మీ వంతు. బయటికి తీసుకువెళ్ళే ముందు ఒకసారి రబ్బరు తొడుగుతో నిమిరితే దారిలో రాలేది తగ్గుతుంది. కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా కాగితాలు తయారుగా ఉంచుకుంటే ఎవరితోనైనా నిదానంగా మాట్లాడవచ్చు.

ఈ ఊరికి కుక్కల మీద పాత ప్రేమే ఉంది. 1832 జూన్‌లో వీధికుక్కలను చంపే పనిని ఇంగ్లీషు ప్రభుత్వం ముమ్మరం చేసినప్పుడు పార్సీలు కోట ప్రాంతంలో దుకాణాలు మూసి ఎదురుతిరిగారు. కుక్క ఒక్కటుకు ఎనిమిదణాల బహుమతి ఆశతో ఇళ్ళలోని పెంపుడు కుక్కల మీద కూడా చెయ్యివెయ్యటం వాళ్ళను మండించింది.

వారం లెక్క

ఇదంతా ఇల్లాలి ఒక్కదాని నెత్తిన పడితే నెల రోజుల్లో కుక్క మీద విరక్తి పుడుతుంది. కావాలని పట్టుబట్టినవారే పని పంచుకోవాలి. ఇలా పెట్టుకుని చూడండి.

రోజూ: పది నిమిషాలు దువ్వటం, పేపరు చుట్టి పారెయ్యటం. బడికి వెళ్ళే పిల్లలు సాయంత్రం చెయ్యగలరు.

రోజూ: ఫ్యాను ఆపి తడిగుడ్డ లాగటం. పొద్దున్నే ఇంటాయన వంతు.

బుధ, ఆదివారాల్లో: సోఫా, పరుపు రబ్బరు తొడుగుతో తుడవటం.

ఆదివారం: కుక్క పరుపు చీర దులిపి ఉతకటం, ఒంటిమీద పిడుదులు వెతకటం, మోరీ జాలీ కడగటం.

నెలకోసారి: స్నానం, పిడుదుల మందు వేసే తేదీ చూసుకోవటం.

ఈ లెక్కను కేలండరు పక్కన అంటించండి. రెండు నెలలు తప్పకుండా చేస్తే ఇంట్లో బొచ్చు పూర్తిగా పోదు గానీ, పప్పుచారులో కనపడటం మానేస్తుంది. ఇంకా కుక్కను తెచ్చుకోని ఇంటివారు, పిల్లల చేత ముందుగా ఈ కాగితం మీద సంతకం పెట్టించుకోండి. పెట్టి, నెలరోజులు పొద్దున్నే లేచి తడిగుడ్డ లాగి చూపిస్తే అప్పుడు తెచ్చుకోవచ్చు.